కాంపౌండరు మానేసిన ఇడ్లీలు

మునిరత్నం నోటి సంగతి చిత్తూరులో ఆ చుట్టుపక్కల నాలుగు వీధులకూ తెలుసు. తీపి నోరని కాదు, మూసిన నోరని. డాక్టరు పెంచలయ్యగారి దగ్గర పదహారేళ్ళుగా కాంపౌండరు. ఏ ఇంట్లో ఎవరికి ఏ జబ్బో, ఏ పెద్దమనిషి పెరటి గుమ్మంలోంచి వచ్చి ఏ సూది వేయించుకుని పోయాడో, ఎవరి కోడలు డాక్టరు ముందర ఎందుకు ఏడ్చిందో, అంతా అతని కడుపులో ఉండేది. ఆ కడుపు చీల్చినా ఒక్క మాట బయటికి రాదని పేరు.

ఆ పేరు ఊరికే రాలేదు. బాడుగకున్న వాళ్ళ గురించి ఇంటివాళ్ళు వచ్చి ఆరా తీసేవాళ్ళు. "మా మూడో వాటాలో ఉండే ఆయనకి ఏం జబ్బు రత్నం? మా ఇంట్లో పిల్లాజెల్లా ఉండారు గదా" అని మెల్లగా మొదలుపెట్టేవాళ్ళు. మునిరత్నం చేతిలోని మిక్శ్చరు సీసాను వెలుతురుకెత్తి, కొలతకు అంటించిన కాగితం గాట్లు చూసుకుంటూ, "దగ్గుకి తులసాకు మంచిది" అనేవాడు. ఏమడిగినా అదే జవాబు. ఇంటావిడ జ్ఞానాంబ కూడా పెళ్ళైన కొత్తలో అన్నం వడ్డిస్తూ కూపీ లాగబోయేది. "నీకు దగ్గుందా?" అని అడిగేవాడు. ఆమె గరిటె గిన్నెలో ఠంగుమని పడేసి లోపలికి పోయేది.

పెంచలయ్యగారు గూడూరు నుంచి వచ్చి ఇక్కడ ప్రాక్టీసు పెట్టిన రోజునే మునిరత్నాన్ని ఎదురుగా నిలబెట్టి మూడు మాటలు చెప్పాడు. కారులో వచ్చినా కాలినడకన వచ్చినా రోగుల్ని వచ్చిన వరుసలోనే లోపలికి పంపాలి. మందేమిటో, ఎందుకో, ఎన్నాళ్ళు వాడాలో అడిగే హక్కు రోగికి ఉంది, విసుక్కోకుండా చెప్పాలి. ఇక మూడోది, లోపల విన్నది గుమ్మం దాటకూడదు. "జబ్బు రోగి సొంతం మునిరత్నం. నీదీ కాదు, నాదీ కాదు. ఎవరికి చెప్పుకోవాలో ఎవరికి దాచుకోవాలో వాళ్ళిష్టం" అన్నాడు.

మొదటి రెండూ మునిరత్నం అప్పుడప్పుడూ తప్పేవాడు. తహసీల్దారుగారి భార్య వస్తే వరుస కాస్త వంగేది. ఆకలి మీదున్నప్పుడు ఎవరైనా ముసలివాళ్ళు మందు గురించి రెండోసారి అడిగితే కసిరేవాడు. మూడోదాన్ని మాత్రం మడి కట్టుకున్నట్టు పాటించాడు. మనిషికి ఒక్క మంచి గుణం ఉంటే చాలు, దాన్నే చూసుకుని మురిసిపోతూ మిగతా అవకరాలన్నీ మరిచిపోతాడు. మునిరత్నానికి ఆ మురిపెం కాస్త ఎక్కువే ఉండేది.

ఆస్పత్రికి పోయే దారిలో, ఐరాల బస్సు ఆగే మూల మీద, చెంగమ్మ ఇడ్లీలు పోసి అమ్మేది. మొగుడు పోయి పన్నెండేళ్ళయింది. బిడ్డలు లేరు. రేకుల పంచన కట్టెల పొయ్యి, ఒక బల్ల, ఒక నీళ్ళ తొట్టి, అదీ ఆమె ఆస్తి. మునిరత్నం పొద్దున ఏడుకల్లా ఆ బల్ల మీద హాజరు. మొదట నాలుగు ఇడ్లీలు, ఆ తరవాత వేడి వాయి దిగితే ఇంకో రెండు. చెనిక్కాయల చట్నీ కారంగా ఉంటే నాలుక చప్పరిస్తూ ఇంకాస్త వేయించుకునేవాడు. తిని, చెయ్యి కడుక్కుని, మడిచిన తెల్లచొక్కా చేతులు దించుకుని ఆస్పత్రికి నడిచేవాడు. పదేళ్ళ అలవాటు.

ఎవరైనా కొత్తవాళ్ళు బస్సు దిగివచ్చి చట్నీ గిన్నెలోకి అనుమానంగా చూస్తే చెంగమ్మ గరిటెతో అతన్ని చూపించేది. "మా కాంపౌండరన్న రోజూ తినేది ఈడనే అప్పా. ఆయనకి తెలీని పురుగుండాదా?" అనేది. అందరూ నవ్వేవాళ్ళు, నవ్వి తినేవాళ్ళు. మునిరత్నం వినీ విననట్టు తలొంచుకుని తింటూ లోలోపల ఉబ్బిపోయేవాడు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, వానలు మొదలయ్యే నాటికి, చెంగమ్మ దగ్గుతూ ఆస్పత్రికి వచ్చింది. నెల రోజుల దగ్గు, సాయంత్రమైతే జ్వరం, మనిషి సగానికి సగం చిక్కిపోయింది. డాక్టరు కఫం పరీక్షకు పంపాడు, ఎక్సురే తీయించాడు. రెండూ చూసి, తలుపు దగ్గరికి వేసి, నెమ్మదిగా చెప్పాడు. టీబీ.

చెంగమ్మ ఏడవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "బతుకుతానా సామీ?" అని అడిగింది.

"బతుకుతావు. ఏడాదిన్నర పాటు మాత్రలు మింగాలి. మొదటి మూడు నెలలూ రోజూ సూది వేయించుకోవాలి. మధ్యలో మానేస్తే మాత్రం జబ్బు మొండికేస్తుంది, అప్పుడు ఏ మందుకూ లొంగదు. మానేవాళ్ళే చచ్చిపోతారు చెంగమ్మా, వాడేవాళ్ళు కాదు."

"ఇడ్లీలు పొయ్యొచ్చునా?"

"మూడు వారాలు వద్దు. ఆ తరవాత మళ్ళీ కఫం చూస్తాను. అందులో పురుగు లేదంటే నీ వల్ల ఇంకొకరికి రాదు. నీ పొయ్యి నువ్వు ముట్టించుకోవచ్చు."

చెంగమ్మ కాసేపు చేతుల వైపు చూసుకుంది. "ఎవరికీ తెలవకూడదు సామీ. టీబీ అంటే మా వీధిలో మదనపల్లె శానిటోరియానికి తోలేసే జబ్బనుకుంటారు. తెలిసిందంటే నా పొయ్యి ఆరిపోయినట్టే. నాకింకేం బతుకు తెలవదు."

"మా నోటి నుంచి రాదు" అన్నాడు డాక్టరు.

ఆమె తల తిప్పి మునిరత్నం వైపు చూసింది. అతనికి రోషం వచ్చింది. "నన్నా సూస్తా ఉండావు చెంగమ్మా? పదహారేళ్ళుగా ఈ నోరు ఎవరన్నా తెరిపించినారా?"

నడుం పట్టేసిందని, బరువులెత్తకుండా సూదులు వేయించుకోవాలని చెంగమ్మ వీధిలో చెప్పుకుంది. అందరూ నమ్మారు. పొద్దున పదింటికి వచ్చి సూది వేయించుకుని పోయేది. మూడు వారాలకి పరీక్ష చేస్తే కఫంలో పురుగు కనబడలేదు. డాక్టరు ఆ కాగితం ఇద్దరికీ చూపించాడు. "ఇక నువ్వు పెట్టే ఇడ్లీ ఎవరైనా తినొచ్చు. విన్నావు గదా మునిరత్నం, రోగికే కాదు, ఇది నువ్వూ తెలుసుకోవాల్సిన సంగతి" అన్నాడు. విన్నాను సార్ అన్నాడు మునిరత్నం.

విన్నాడు. చెవికి ఎక్కింది. కాళ్ళకు ఎక్కలేదు.

సోమవారం పొద్దున అలవాటు ప్రకారం ఇల్లు వదిలాడు. మూల మీద చెంగమ్మ పొయ్యి పొగ కనిపించింది. కాళ్ళు వాటంతటవే నూనె గానుగ సందులోకి తిరిగాయి. ఈ ఒక్కరోజుకే అనుకున్నాడు. మరునాడూ అలాగే అనుకున్నాడు. చిన్నప్పుడు ఐరాల దగ్గర పల్లెలో అతని మేనత్త దగ్గి దగ్గి చచ్చిపోయింది. ఆమెను గొడ్లచావిట్లో పెట్టారు. ఆమె తిన్న సత్తుగిన్నెను ఆమెతోనే పూడ్చేశారు. ఆ గిన్నె చప్పుడు నలభై ఏళ్ళయినా అతని చెవిలో ఉంది. ఆవిరి మీద ఉడికిన ఇడ్లీలో ఏ పురుగూ బతకదని తెలుసు. రోజూ సూదులు ఉడకబెట్టే చేతులవి, తెలియకపోవడమేమిటి? కానీ ఆ బల్ల మీద కూర్చుని నోరు తెరవాలంటే ఆ గిన్నె చప్పుడే వినిపించేది.

"పొద్దున్నే నాకేమైనా చెయ్యి" అన్నాడు జ్ఞానాంబతో.

"చెంగమ్మ మళ్ళా పొయ్యి పెట్టింది గదా?"

"కడుపులో మంటగా ఉండాది. బయట తిండి పడటం ల్యా."

పదేళ్ళుగా మొగుడు బయట తింటాడని గొణుక్కున్న మనిషి ఆమె. ఇప్పుడు సంబరంగా దోసెలు పోసింది. కొళాయి దగ్గర బిందె పట్టుకుంటూ నలుగురితోనూ చెప్పుకుంది. "మా ఆయన చెంగమ్మ దగ్గర మానేసినాడు. నా చేతి తిండే కావల్లంట ఇప్పుడు." అందులో ఆమె తప్పేం లేదు, పాపం. మొగుడు చెప్పిందే చెప్పింది.

చెంగమ్మ ఒక్కసారే అడిగింది. సూది వేయించుకుని రెక్క రుద్దుకుంటూ, "అన్నా, నీ కోసమని రెండు వాయిలు ఆపినాను. రాలేదే?" అంది. పని ఉండిందని చెప్పాడు. ఆమె అతని మొహంలోకి చూసి, సరేలే అని లేచి పోయింది. ఆ తరవాత మళ్ళీ అడగలేదు. మునిరత్నానికి అదే హాయిగా తోచింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడలేదనుకుంటుంది. మునిరత్నం కూడా నోరు మూసుకుని వేరే సందులోంచి పోతూ, తన వల్ల చెంగమ్మకు ఏ కీడూ జరగడం లేదనే అనుకున్నాడు.

ఇలా ఒక నెల గడిచింది. ఒకనాడు చెంగమ్మ పదింటికి వచ్చి, సూది గదిలోకి పోకుండా, బెంచీ మీద అందరితో పాటు కూర్చుంది. తన వరుస వచ్చాక లోపలికి వెళ్ళి డాక్టరు ముందర నిలబడింది.

"నా జబ్బు వీధికి తెలిసిపోయింది సామీ."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "ఎవరన్నారు?"

"మొగం మీద ఎవురంటారు? సైకిలంగడి ఓబయ్య మానేసినాడు. బస్సు కండక్టర్లు ఎదురంగట్లో టీ తాగి అట్నే పోతా ఉండారు. పోసిన ఇడ్లీలు పోసినట్టే ఉండాయి, నిన్న మొత్తం ఆవులకి పెట్టినాను. నేను దగ్గు వచ్చినా దగ్గకుండా మింగుకుంటా ఉండా. ఈడికి రోజూ వస్తాంటే ఎన్నో సూదని వేళ్ళు మడిచి లెక్క పెడతా ఉండారు. నడుంనొప్పికి ఇన్ని సూదులా అని నగతా ఉండారు."

డాక్టరు మునిరత్నం వైపు చూశాడు. చూపే గానీ అడగలేదు. మునిరత్నానికి ఒళ్ళంతా మండిపోయింది.

"నేనా సార్? నేను చెప్పినానా? ఏడుకొండలవాడి మీద ఒట్టు. నా పెండ్లానికి కూడా చెప్పలా. ఈ నోటి నుంచి ఒక్క మాట వచ్చుంటే ఈ నాలుక పడిపోనీ."

చెంగమ్మ అతన్ని చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. "నువ్వు చెప్పలేదులే అన్నా" అంది. ఆ రోజు సూది వేయించుకోకుండానే పోయింది. యాభై రెండో సూది అది. మరునాడు రాలేదు. ఆ మరునాడూ రాలేదు. మూల మీద పొయ్యి కూడా వెలగలేదు.

మునిరత్నానికి ఇంత అవమానం ఎప్పుడూ జరగలేదు. పదహారేళ్ళ పేరు. ఎవరో వాగారు, ఆ మరక తనకు అంటుకుంది. ఎక్సురే తీసినవాడు చెప్పి ఉంటాడు, కాకపోతే పరీక్షలు చేసేవాడు. ఎవరైనా సరే, వాణ్ణి పట్టుకుని డాక్టరు ముందర నిలబెట్టాలని బయల్దేరాడు. నాలుగో రోజు మధ్యాహ్నం బస్సు మూల దగ్గర పూలమ్ముకునే వరదమ్మను పట్టుకున్నాడు. వరదమ్మ నోరు తెరిస్తే మూయదని అందరికీ తెలుసు. ఆమె దగ్గర కూపీ దొరుకుతుందని అతని ఆశ.

"వరదమ్మా, చెంగమ్మ ఇడ్లీలు ఎందుకు మానేసినావు?"

వరదమ్మ దండ కడుతూ తలెత్తింది. "ఏమో నాయనా, నాకెందుకు?"

"ఎవరో నీకేందో చెప్పినారు. ఎవరు?"

"ఎవురూ చెప్పలా."

"చెప్పకుండానే మానేసినావా? ఒట్టి మాటలు వద్దు. పేరు చెప్పు. డాక్టరుగారి దగ్గరికి తీసకపోవల్ల వాణ్ణి."

వరదమ్మ దారం పళ్ళతో తెంపింది. అతన్ని కిందికీ మీదికీ చూసి, అర్థం కాని పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది.

"నువ్వే గదప్పా మానేసింది ముందు. పదేళ్ళుగా ఈడ తినే మనిషివి. ఆయమ్మ మళ్ళా పొయ్యి పెట్టిన రోజు నుంచి గానుగ సందులోంచి పోతా ఉండావు. ఆయమ్మేమో దినామూ మీ ఆస్పత్రికి వచ్చి సూది ఏయించుకుంటా ఉండాది. సూదేసే వాడే ఆయమ్మ చేతి తిండి ముట్టకపోతే, మాకింకేం చెప్పల్ల? ఏదో పెద్ద జబ్బే, కాంపౌండరుకి తెలుసులే అనుకుంటిమి. పేరు కూడా నిన్ను చూసే తెలిసింది. అంటుకునేది కాకపోతే ఆయనెందుకు మానేస్తాడు, అంటుకునేదంటే టీబీనే గదా అనె ఓబయ్య."

మునిరత్నం ఎండలో అట్లాగే నిలబడ్డాడు. వరదమ్మ మళ్ళీ దండలో పడింది. బస్సు వచ్చింది, జనం దిగారు, ఎవరో తప్పుకోమని భుజం తోశారు. తప్పుకున్నాడు. దొంగను పట్టడానికి బయల్దేరి వీధంతా గాలించి చివరికి తన మెడే తను పట్టుకున్నాడు. సిగ్గు కాళ్ళ దగ్గర మొదలై చెవుల దాకా ఎక్కింది. నాలుక పడిపోనీ అని ఒట్టు పెట్టినప్పుడు చెంగమ్మ ఎందుకు అట్లా చూసిందో ఇప్పుడు తెలిసింది. ఆమెకు అప్పటికే తెలుసు. నెల రోజులుగా తెలుసు. తెలిసే రోజూ వచ్చి అతని ముందర రెక్క చాపింది.

ఆస్పత్రికి వచ్చి డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాడు. తిడతాడనుకున్నాడు, తిడితే తేలికయ్యేది. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"ఆమెకు ఇచ్చేది మందే గదా మునిరత్నం?"

"అవును సార్."

"అది పనిచేస్తుందని మనం చెప్పినాం గదా?"

"అవును సార్."

"రోజూ నీ చేత్తో ఇచ్చే మందును నువ్వే నమ్మలేదు. ఇంక ఆమె ఎట్లా నమ్ముతుంది, వీధి ఎట్లా నమ్ముతుంది?"

మునిరత్నం తల దించుకున్నాడు. "నేను పోయి వీధిలో చెప్తాను సార్. ఆమె వల్ల ఏ భయమూ లేదని చెప్తాను."

"ఏమని చెప్తావు? ఏ జబ్బు వల్ల భయం లేదని చెప్తావు? నువ్వు నోరు తెరిస్తే వాళ్ళు ఊహించింది నిజమని ముద్ర వేసినట్టే. ఆమె ఒప్పుకోకుండా నువ్వూ చెప్పకూడదు, నేనూ చెప్పకూడదు. ముందు పోయి ఆమెను సూదికి పిల్చుకురా. ఇప్పటికే నాలుగు రోజులు పోయినాయి. ఇట్లా మానేస్తే ఆ మనిషి మిగలదు."

చెంగమ్మ ఇల్లు గానుగ వెనకాల, ఒంటి గది. తలుపు తీసే ఉంది. ఆమె గోడకానుకుని చాటలో మినుములు ఏరుతోంది. ఎవరి కోసం ఏరుతోందో ఆమెకే తెలియాలి. మునిరత్నం గుమ్మం బయటే నిలబడ్డాడు.

"సూదికి రాలేదే చెంగమ్మా?"

"ఏంటికి రావల్ల? మానుకుంటే చస్తానన్నాడు సామి. పొయ్యి ఆరిపోయినాక బతికి చేసేదేముండాది?"

"తప్పు నాదే" అన్నాడు. ఆ మాట ఇంత తేలిగ్గా వస్తుందని అతను అనుకోలేదు. కానీ అది సగం మాటే. మిగతా సగం ఆమె బయటికి లాగింది.

"అన్నా, ఒకటి అడుగుతా, నిజం చెప్పు. ఆపొద్దు సామి కాగితం చూపించి, నా వల్ల ఎవురికీ రాదన్న మాట నీకు అర్థమయ్యిందా? లేకుంటే నా మాదిరే నీకూ సదువు రాక భయపడితివా?"

మునిరత్నానికి తప్పించుకునే దారి అక్కడే ఉంది. అర్థం కాలేదంటే చాలు. ఆమె క్షమించేస్తుంది. ఆ గొంతులో ఆ ఆశ ఉంది, అట్లా చెప్పమని బతిమాలుతున్నట్టే ఉంది. అతను గడప వైపు చూస్తూ చెప్పాడు.

"అర్థమయ్యింది."

"తెలిసే మానేసినావా?"

"తెలిసే."

చెంగమ్మ చాట పక్కన పెట్టింది. దగ్గు వచ్చింది. ఈసారి మింగుకోలేదు, కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. మునిరత్నం వెనక్కి జరగలేదు. జరగకూడదని కాళ్ళు బిగపట్టుకోవలసి వచ్చింది. అది ఆమె చూసింది. తను బిగపట్టుకోవడం ఆమె చూసిందని అతనికీ తెలిసింది. ఇంతకన్నా సిగ్గు ఇంకోటి ఉంటుందని అతనికి తెలియదు.

"ఈ మాట నాకు చెప్పి ఏం లాబం?" అంది చివరికి. "వీధిలో చెప్పు."

"నీ జబ్బు సంగతి నేను చెప్పకూడదు."

"జబ్బు నాది గదా. నేను చెప్పమంటా ఉండా. దాసిపెట్టి ఏం మిగిలింది నాకు? రేపు పొద్దున పొయ్యి ముట్టిస్తా. ఏడింటికి రా. నాకు టీబీ వచ్చిందని చెప్పు. మందు తింటా ఉండానని చెప్పు. పరీచ్చలో పురుగు లేదని చెప్పు. అన్నీ తెలిసే నువ్వు మానేసినావని, అదీ చెప్పు. ఆ కడాకరి నాలుగో మాట మింగేస్తే మాత్రం నేను ఆస్పత్రి గడప తొక్కను."

ఇంటికి పోయి అన్నం ముందర కూర్చుంటే ముద్ద దిగలేదు. జ్ఞానాంబ కడుపులో మంట తగ్గలేదా అని అడిగింది. లేదన్నాడు. మొదటి మూడు మాటలూ ఎట్లా చెప్పాలో అతనికి తెలుసు, డాక్టరు మాటలే అవి, గంభీరంగా చెప్పొచ్చు. నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి మాటలన్నీ పారిపోయేవి. పదహారేళ్ళుగా వీధిలో అతను నడిచిపోతుంటే జనం లేచి దారిచ్చేవాళ్ళు. రేపటి నుంచి ఎట్లా చూస్తారో ఊహకు అందలేదు.

పొద్దున ఏడింటికి గానుగ సందులోంచి కాకుండా నేరుగా మూల మీదికి నడిచాడు. పొయ్యి మండుతోంది. మొదటి వాయి ఎక్కించి చెంగమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. బల్ల ఖాళీ. ఓబయ్య సైకిలంగడి తలుపులు తీస్తున్నాడు. వరదమ్మ బుట్ట దించుకుంటోంది. ఐరాల బస్సు ఎక్కేవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. మునిరత్నం బల్ల పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అందరూ ఒక్క నిమిషం ఇనండప్పా. చెంగమ్మ చెప్పమన్నందుకు చెప్తా ఉండా, లేకుంటే చెప్పేవాణ్ణి కాను. ఆయమ్మకి టీబీ వచ్చింది. మందు తింటా ఉండాది, తగ్గతా ఉండాది. పరీక్ష చేసి చూస్తే పురుగు లేదు. ఆయమ్మ వల్ల ఇప్పుడు ఎవరికీ రాదు. డాక్టరుగారు చెప్పినారు."

ఓబయ్య తలుపు చెక్క చేత్తో పట్టుకుని అట్లాగే చూస్తున్నాడు. "ఎప్పుడు చెప్పినాడబ్బా డాక్టరు?"

"నెల పైన అయింది."

"మరి నువ్వెందుకు మానేసినావు?"

కడుపులో మంట అనే మాట నాలుక చివరికి వచ్చేసింది. ఇంట్లో నెల రోజులుగా వాడి వాడి అరిగిపోయిన అబద్ధం, ఎంత సులువుగా వస్తుందో. మునిరత్నం చెంగమ్మ వైపు చూశాడు. ఆమె సాయం చెయ్యలేదు, అడ్డమూ రాలేదు. గరిటె పట్టుకుని వింటోంది, అంతే.

"భయపడినాను" అన్నాడు.

"డాక్టరు చెప్పినాక కూడానా?"

"చెప్పినాక కూడా. తెలిసే భయపడినాను. తెలిసే మానేసినాను. మీకెవరికీ నోటితో చెప్పలేదని ఎచ్చులు పోయినాను గానీ, నేను గానుగ సందులోంచి పోయిందే మీకందరికీ చెప్పినట్టయింది. ఆయమ్మ పొయ్యి ఆర్పింది నేను."

బస్సు కోసం నిలబడ్డవాళ్ళలో ఒకాయన తల తిప్పుకున్నాడు, సిగ్గు పడేవాణ్ణి చూడటం అతనికే సిగ్గైనట్టు. వరదమ్మ మాత్రం ఊరుకోలేదు. "నీ మొగం చూసి మేమంతా మానేస్తిమే! నీకు తెలుసులే అని మానేస్తిమే! ఆయమ్మ ఇడ్లీలు ఆవులకేస్తా ఉంటే నేను చూస్తా కూచుంటిని, నా పాపం ఏ గంగలో కడుక్కోవల్ల?" అని అరిచి, బుట్ట అక్కడే వదిలేసి వచ్చి బల్ల మీద కూర్చుంది. "పెట్టు చెంగమ్మా. రెండు పెట్టు."

ఓబయ్య రాలేదు. తలుపులు తీయడం ముగించి లోపలికి పోయాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళలో ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఒకడు వచ్చాడు, ఒకడు రాలేదు. చెంగమ్మ వాయి దించింది. రెండు ఆకులు పరిచి, ఒకటి వరదమ్మ ముందర, ఒకటి ఆ బస్సు మనిషి ముందర పెట్టింది. మునిరత్నం తన పాత చోటులో, బల్ల చివర, ఒదిగి కూర్చున్నాడు. ఈసారి ఆ గిన్నె చప్పుడు వినిపించలేదు. నిజంగా ఆకలేసింది, నిన్న మధ్యాహ్నం నుంచి తిండి లేదు.

"నాకూ పెట్టమ్మా" అన్నాడు.

చెంగమ్మ అతని వైపు చూడకుండానే చట్నీ గిన్నె కలియబెట్టింది. ఆ గొంతులో కసి లేదు, జాలీ లేదు.

"ఈ పొద్దు వద్దన్నా. ఈ పొద్దు నువ్వు తింటే నలుగురికి చూపించేదానికి తిన్నట్టుంటాది. నా ఇడ్లీకి నీ సాచ్చెం ఇంక అక్కర్లేదు. పదింటికి వస్తా, సూది ఉడకబెట్టి పెట్టు."

మునిరత్నం లేచాడు. సరేనమ్మా అన్నాడు. ఆమె మన్నించలేదని తెలిసింది, మన్నించకపోవడమే న్యాయమనీ తెలిసింది. వస్తానంది, బతకడానికి ఒప్పుకుంది, అతనికి అంతవరకే దక్కింది. ఖాళీ కడుపుతో అందరి కళ్ళ ముందర నుంచీ ఆస్పత్రికి నడిచాడు. ఎవరూ లేచి దారివ్వలేదు. తాళం తీసి, స్టవ్వు వెలిగించి, నీళ్ళు పెట్టి, సూదులు వేశాడు. గడియారంలో అప్పటికి ఏడున్నరే అయింది.